హారతి అయ్యాకే అభ్యంతరం

మా భజన మందిరం గోడ మీద ఏ కాగితం అంటించినా దాన్ని చదివి వినిపించే పని నాదే. కరెంటు కోత సంగతి కావచ్చు, పశువుల టీకాలు కావచ్చు, ఎవరిదో పెళ్లిపత్రిక కావచ్చు. పొద్దున స్నానం చేసి వచ్చి, రోజుకొక అధ్యాయం పురాణం చదివేదాన్ని నేనే కాబట్టి, లోకంలో చదవాల్సిందంతా మెల్లగా నా నెత్తిమీదికి వచ్చింది. నేనూ కాదనలేదు. చదవడమంటే నాకు ఇష్టం. దేవుని మాటయితే మరీ ఇష్టం.

ఈ చదువు నాకు బాపు దగ్గర అబ్బింది. మా పుట్టిల్లు కోస్గి వైపు. వాన పడితే పంట, పడకపోతే పురాణం అన్నట్టు ఉండేది మా ఇంట్లో. బాపు అరుగు మీద కూర్చుని చదువుతుంటే వాడకట్టంతా వచ్చి వినేది. ఆయన పెట్టిన కట్టుబాటు ఒక్కటే. చదివేవాళ్లు నడుమ ఆగకూడదు, వినేవాళ్లు నడుమ ఆపకూడదు. ఏ సందేహమున్నా కడుపులో పెట్టుకోవాలి. హారతి అయ్యి, ప్రసాదం చేతిలో పడ్డాక అప్పుడు అడగాలి. "దేవుని మాట నడుమ మన మాట పెట్టొద్దు బిడ్డా" అనేవాడు. పెళ్లయి ఈ ఊరికి వచ్చాక మా మందిరంలోనూ అదే కట్టుబాటు చేశాను. ఆడవాళ్లం పదిమందిమి ఉంటాం. అధ్యాయం సాగుతున్నంత సేపు దగ్గు వస్తే కొంగు అడ్డం పెట్టుకుంటారు తప్ప నోరు విప్పరు.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు మా ఊరిని పక్కనున్న పట్టణంలో కలిపి మున్సిపాలిటీ చేశారు. మేము కదల్లేదు, పట్టణమే నడిచి మా గుమ్మం దాకా వచ్చింది. ఊరికి బోర్డు మారింది, రోడ్డు వెడల్పయింది, ఫంక్షన్ హాలు లేచింది. చుట్టూ చేలు ప్లాట్లయి వాటికి ప్రహరీలు వచ్చాయి. అంతా బాగానే ఉందనుకుంటున్న రోజుల్లో ఒక ఉదయం మందిరం గోడ మీద ఆ కాగితం కనిపించింది. మున్సిపాలిటీ వాళ్లు కొత్తగా చేయబోతున్న నిబంధనల ముసాయిదా.

అధ్యాయం ముగించి, హారతి ఇచ్చి, గోడ దగ్గర నిలబడి చదవడం మొదలుపెట్టాను. అలవాటు చొప్పున రాగం వచ్చేసింది. "ప్రధాన రహదారిపై గొర్రెలు, మేకలు, పశువులను తోలుట నిషేధము" అన్న వాక్యాన్ని నేను ఎంత భక్తిగా చదివానంటే, ఒకామె చేతులు కూడా జోడించింది.

సరిగ్గా అప్పుడే మా మరిది తన మందను తోలుకుని మందిరం ముందుకు వచ్చాడు. మా ఆయనకు తమ్ముడు. మా మామగారు పోయేముందు పెద్దకొడుక్కి చేను, చిన్నకొడుక్కి మంద అప్పగించారు. అప్పటి నుంచి అతనికి గొర్రెలు తప్ప మరో లోకం లేదు.

"ఏందొదినె, రాగం దీస్తున్నవ్? కొత్త పురాణమా?"

"మున్సిపాలిటీ పురాణం. నీ గొర్లను గూడ ఎక్కిచ్చిన్రు. ఇను."

పద్యానికి తాత్పర్యం చెప్పినట్టే చెప్పాను. పెద్దరోడ్డు మీద గొర్రెలు నడవకూడదు. నడిస్తే జరిమానా. మళ్లీ నడిస్తే బండి వచ్చి పట్టుకుపోతుంది.

మరిది పకపకా నవ్వాడు. "గిది నువ్వే రాయించినవ్! నీ ముగ్గు కాడ నా గొర్లతోటి ఎన్నేండ్ల లొల్లి నీది?"

అది నిజమే. నేను తెల్లవారకముందే లేచి మందిరం ముందు ఊడ్చి, చల్లి, ముగ్గు వేస్తాను. పొద్దెక్కాక అతని మంద ఆ ముగ్గు మీదుగా పోతుంది. పోతూ పోతూ వట్టి కాళ్లతో పోదు.

"నేనే రాయిస్తె గొర్లకన్న ముందు నిన్ను బందు జేయిస్తుంటి" అన్నాను. ఆడవాళ్లంతా నవ్వారు. అతనూ నవ్వాడు. తర్వాత ఆ నవ్వు అతని ముఖం మీద అలాగే నిలబడిపోయింది.

"మరి రోడ్డెక్కకుండ గుట్టకెట్ల పోవాలె వదినె?"

మా ఇళ్లు రోడ్డుకు ఈ పక్క. గుట్ట, దాని కింద మా మందిరం ఆ పక్క. పూర్వం నాలుగు దారులుండేవి. ప్లాట్ల ప్రహరీలు వచ్చి మూడింటిని మింగేశాయి. ఇప్పుడు మందను ఫంక్షన్ హాలు దగ్గర రోడ్డెక్కించి, దుకాణాల ముందు నుంచి నడిపించి, మందిరం దగ్గర దింపాలి. మేపడానికి గుట్ట తప్ప వేరే జాగా లేదు. రోడ్డు బందయితే గుట్ట బందు. గుట్ట బందయితే మంద అమ్ముకోవడమే.

"అమ్మి ఏం జేస్త? గా ఫంక్షన్ హాలు గేటు కాడ కట్టె పట్టుకోని నిలవడాల్నా? పెండ్లికొచ్చినోళ్లను 'ట్రూ ట్రూ' అని లోపటికి తోలాల్నా?" అన్నాడు. నవ్వించడానికే అన్నాడు కానీ ఎవరికీ నవ్వు రాలేదు.

కాగితం అడుగున మరో వాక్యం ఉంది. అభ్యంతరాలు, సలహాలు ఉన్నవాళ్లు వచ్చే శుక్రవారం ఫంక్షన్ హాలులో జరిగే సభకు వచ్చి చెప్పవచ్చు.

మా మందిరంలో అందరికన్నా పెద్దది ఒక అవ్వ. తాళాలు పట్టేది ఆమే, హారతి ఎత్తుకునేది ఆమే. పళ్లు పోయినా గొంతు పోలేదు. ఆమె గోడకేసి చూసి అంది. "అడుగుమని ఆళ్లే అంటున్నరు గద. పోయి అడుగుదం. అడిగేటోళ్లకు ఫికరేంది?"

ఆ మాట నాకు బాగా తాకింది. పశువులు కాసిన దేవుని కథలో ఒక ఘట్టముంది. పల్లె పెద్దలంతా కూడి, ఎప్పటిలాగే వాన దేవుడికి పూజ చేద్దామని కట్టుబాటు చేస్తుంటే, ఒక పిల్లవాడు నిలబడి 'ఎందుకు?' అని అడుగుతాడు. మనం బతికేది పశువులతో కదా, వాటిని బతికించేది ఈ కొండ కదా అంటాడు. పెద్దలు కసురుకోరు, వింటారు. ఆ తర్వాత వాన, కొండనెత్తడం అందరికీ తెలిసిందే. వినేవాళ్లకు కొండ లేచినప్పుడు ఒళ్లు పులకరిస్తుంది. నాకు మాత్రం ఆ పిల్లవాడు అడిగిన చోటే కళ్లు చెమరుస్తాయి. అడగడం కూడా ఆయన లీలే అని నా నమ్మకం.

శుక్రవారం దాకా సన్నాహం చేశాం. మొదట అవ్వ మాట్లాడాలి, పెద్దది కాబట్టి. తర్వాత నేను. మరిది నోరు విప్పకూడదు. అతనికి కోపం వస్తే మందను అదిలించినట్టే మనుషులనూ అదిలిస్తాడు.

"నువ్వు ఒక్క కూత పెడితె సభ మొత్తం లేచి నడుస్తది. గమ్మున వెనక నిలవడు" అంది అవ్వ.

"సరే అవ్వా. నా గొర్లు నీ చేతుల పెడుతున్న."

ఆ రోజు తలస్నానాలు చేసి బయల్దేరాం. సభకు వట్టి చేతులతో పోకూడదని పళ్లెంలో కొబ్బరికాయ, పూలు, కర్పూరం పెట్టుకున్నాం. ఫంక్షన్ హాలులో క్రితం రోజు పెళ్లి తాలూకు బంతిపూల దండలు ఇంకా వేలాడుతున్నాయి. వేదిక మీద పెళ్లికొడుకు, పెళ్లికూతురు కూర్చునే ఎర్రటి సింహాసనాలు రెండూ అలాగే ఉన్నాయి. వేదిక మీద వేరే కుర్చీ లేక కాబోలు, కమిషనర్ గారు పెళ్లికొడుకు కుర్చీలో ముడుచుకుని కూర్చున్నారు. చిన్న వయసు, మా చిన్నవాడి ఈడు. పక్కన చదవడానికి ఒక గుమాస్తా. కింద ప్లాస్టిక్ కుర్చీల్లో కొంతమంది దుకాణాల వాళ్లు.

మేము చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వచ్చాం. బయట ఉన్నవి మా చెప్పులొక్కటే అని తర్వాత చూసుకున్నాం. కుర్చీలు వదిలేసి, ముందు వరుసలో తివాచీ మీద కూర్చున్నాం.

"అమ్మా, కుర్చీల్లో కూర్చోండి" అన్నారు కమిషనర్ గారు.

"సదివేటాయన ముంగట కుర్సీలేంది బిడ్డా? మంచిగనే ఉన్నది, సదివియ్" అంది అవ్వ.

గుమాస్తా చదవడం మొదలుపెట్టాడు. చెత్త, నీటి కుళాయిలు, దుకాణాల బోర్డులు, ఇంటి ముందు ఇసుక కుప్పలు. ప్రతి అంశం చివర "అభ్యంతరాలేమైనా ఉన్నాయా" అంటూనే తర్వాతి అంశంలోకి జారిపోతున్నాడు. నేను కూడా పురాణం చదువుతూ నడుమ నడుమ 'వింటున్నారా తల్లీ' అంటూంటాను. దానికి ఎవరూ జవాబు చెప్పరు, చెప్పకూడదు. కాబట్టి మేమంతా చేతులు కట్టుకుని, కొందరు కళ్లు కూడా మూసుకుని, చక్కగా విన్నాం.

గొర్రెల అంశం వచ్చింది. అవ్వ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను వెనక్కి తిరిగి చూశాను. గోడకు ఆనుకుని నిలబడ్డ మరిది కళ్లు ఇంత చేసుకుని 'ఇప్పుడే కదా?' అన్నట్టు చూశాడు. నేను అరచెయ్యి చూపించాను. జర ఆగు, హారతి కానీ.

అతను ఆగాడు. గొర్రెలు పోయాయి, పందులు వచ్చాయి, తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. గుమాస్తా కాగితాలు మూశాడు. కమిషనర్ గారు లేచి, ముఖమంతా సంతోషంతో, "ఇంత క్రమశిక్షణగా విన్న సభను నేనెక్కడా చూడలేదు. అభ్యంతరాలు చెప్పకుండా సహకరించినందుకు అందరికీ కృతజ్ఞతలు" అన్నారు. దుకాణాల వాళ్లు చప్పట్లు కొట్టారు. చాయ్, బిస్కెట్లు పంచారు. మేము బిస్కెట్లు కళ్లకద్దుకుని తీసుకున్నాం. ఒకామె ఇంటికి తీసుకుపోవడానికి కొంగున కూడా కట్టుకుంది.

ప్రసాదం అయింది. అవ్వ గొంతు సవరించుకుని, నా భుజం మీద చెయ్యేసి లేచి నిలబడింది.

"ఇగ అడుగుతం సారూ."

వేదిక మీద రెండు ఎర్ర కుర్చీలు మాత్రమే ఉన్నాయి. బయట జీపు కదిలిన చప్పుడు వినబడింది.

మరిది వెనక నుంచి నెమ్మదిగా నడిచి వచ్చాడు. నేను తిట్లకు సిద్ధమయ్యాను. అతను చేతులు జోడించాడు.

"వదినె, మొక్కుతున్న. మీ భక్తికి మెచ్చిన. యాటను కోసేటోడు గూడ కోసే ముందు 'మే' అననిస్తడు. మీరు గదీ అననియ్యలేదు గద!"

నాకు తల కొట్టేసినట్టయింది. అవ్వ మాత్రం ఏమీ జరగనట్టు కొబ్బరికాయ పళ్లెం చేతికి తీసుకుంది. "సభ యాడ అయిపోయింది? హారతి కాలేదు. సారెటు పోయిండు?"

ఆయన పోయింది మున్సిపాలిటీ ఆఫీసుకు, అది దగ్గరే. అక్కడికి వెళ్లేసరికి గుమాస్తా టిఫిన్ డబ్బా విప్పుకుని అన్నం కలుపుకుంటున్నాడు. "సభ అయిపోయిందమ్మా. ఎవ్వరూ అభ్యంతరం చెప్పలేదని రాసుకున్నం" అన్నాడు.

"అయిపోలేదు కొడుకా. నడుమ లేచొచ్చిన్రు" అంటూ అవ్వ తిన్నగా కమిషనర్ గారి గదిలోకి నడిచింది. వెనక మేమంతా. గది గోడ మీద చిన్న ఎర్రబల్బు కింద వేంకటేశ్వరుని పటం ఉంది. అవ్వ ఇంక ఎవరినీ ఏమీ అడగలేదు. కర్పూరం వెలిగించి హారతి పాట ఎత్తుకుంది. అవ్వ ఎత్తుకుంటే మేము అందుకోకుండా ఉండలేం. పది గొంతులు ఆ చిన్న గదిలో ఒక్కసారి లేచేసరికి ఆఫీసంతా గుమ్మం దగ్గరికి వచ్చింది. హారతి జరుగుతుంటే కూర్చునేవాడెవడు? కమిషనర్ గారు లేచి నిలబడ్డారు. గుమాస్తా పప్పన్నం చేతిని వెనక దాచుకుని, ఎడమ చెయ్యి గుండెల మీద పెట్టుకుని నిలబడ్డాడు.

అవ్వ అందరికీ హారతి చూపించి, పళ్లెం బల్ల మీద పెట్టి, తాపీగా అంది. "ఇగో బిడ్డా, ఇప్పుడు సభ అయిపోయింది. ఇగ మా సందేహాలు జెప్తం."

నేను మా కట్టుబాటు సంగతి వివరించాను. వింటూ వింటూ కమిషనర్ గారికి నవ్వు ఆగలేదు. "కానీ అమ్మా, ప్రతి అంశానికీ మావాడు అడిగాడు కదా, అభ్యంతరాలున్నాయా అని?"

"అడిగిండు బిడ్డా. కని మేము జెప్తమని అడిగినట్టు లేకుండె. అడిగినంక ఊపిరన్న తీస్కోలే" అంది అవ్వ.

గుమాస్తా నేల చూపులు చూశాడు. కమిషనర్ గారు నవ్వడం మానేసి, బల్ల మీది కాగితాలన్నీ పక్కకు నెట్టి, కుర్చీలు తెప్పించారు. ఈసారి కూర్చున్నాం.

మరిదికి ఇప్పుడు మాట్లాడమని సైగ చేశాం. ఇంతసేపు బిగబట్టిన మాటలు కదా, గట్టిగా వస్తాయని భయపడ్డాను. అతను చాలా చిన్నగా మాట్లాడాడు. "సారూ, నా గొర్లు రోడ్డు మీద మెయ్యవు. దాటి పోతయి అంతే. గా దారొక్కటి బందయితె నేను మందమ్మాలె. అమ్మినంక నాకు ఇంకో పనొచ్చా అంటె, రాదు."

కమిషనర్ గారు తన బాధ చెప్పుకున్నారు. బస్సులు ఆగిపోతున్నాయట, బడి పిల్లలకు ఇబ్బందట, దుకాణాల ముందు పెంటికలని రోజూ ఫిర్యాదులట. "అభ్యంతరం రాసుకుంటాను. కానీ సలహా కూడా కావాలి. ఏం చేద్దామంటారు మీరే చెప్పండి."

మాకు ఎవరికీ ఆ ఆలోచనే లేదు. అడగడం దాకే వచ్చాం, చెప్పడం దాకా రాలేదు. అవ్వ నా వైపు తిరిగింది. "నువ్వు జెప్పు. ముగ్గు కాడ లొల్లి నీదే గద."

అప్పుడు నాకు తెల్లవారుజాము రోడ్డు కళ్ల ముందు కనిపించింది. నేను ముగ్గు వేసేవేళ దానిమీద కుక్కలు తప్ప ఎవరుంటారు? "దుకాణాల షట్టర్లు లేవకముందే మంద రోడ్డు దాటొచ్చు సార్. సాయంత్రం దీపాలు పెట్టాక తిరిగి రావచ్చు" అన్నాను.

"వదినె!" మరిది ఎగిరిపడ్డాడు. "గంత పొద్దుగాల మేపితె ఎట్ల? మంచు గడ్డి తింటె గొర్లకు రోగమొస్తది. పొద్దెక్కి గడ్డి ఆరినంక గద నేను తోలేది!"

"దాటమన్న గని మేపమన్ననా? మందిరం పక్క ఖాళీ జాగల ఆపుకో. మంచు ఆరినంక గుట్టెక్కు."

"గప్పటిదాక ఆడ కూసోని ఏం జెయ్యాలె?"

"పురాణమిను. పానమేం పోదు" అంది అవ్వ.

కమిషనర్ గారు రాసుకుంటున్నారు. "బాగుంది. మరి రోడ్డు మీద పడ్డవి ఎవరు ఊడుస్తారు?"

పదిమందిమి, చెప్పుకున్నట్టుగా, ఒకేసారి మరిది వైపు చూశాం.

"నేనా? మందకాపరికి చీపురిస్తరా?"

"దేవుడు పశువులు గాసిండు. దొడ్డి ఊడ్సలేదంటవా?" అంది అవ్వ.

మరిది నుదురు కొట్టుకుని ఒప్పుకున్నాడు. నిజం చెప్పాలంటే, ఆ సంగతి నేను ఏ అధ్యాయంలోనూ చదవలేదు. కానీ ఊడ్చే ఉంటాడని నాకు గట్టి నమ్మకం.

అనుకున్నదంతా అక్కడే రాసిచ్చి వచ్చాం. ఆ తర్వాత చాలా రోజులు ఏ కబురూ లేదు. ఈలోగా నార్కట్‌పల్లి దిక్కు నుంచి ఒక మటన్ వ్యాపారి వచ్చి మందను చుట్టూ తిరిగి చూసి పోయాడు. మరిది అతనికి అవునని చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. చాయ్ మాత్రం తాగించి పంపాడు. ఆ సాయంత్రం దొడ్డి దగ్గర చాలాసేపు ఊరికే నిలబడ్డాడని అతని భార్య వచ్చి చెప్పింది. నేను మందిరంలో కూర్చుని దండం పెట్టుకున్నాను. పెద్దగా ఏమీ కోరలేదు. "స్వామీ, మంద కాసే పని నీకు తెలుసు" అన్నాను, అంతే.

కొత్త కాగితం ఒక మంగళవారం వచ్చింది. ఈసారి రాగం తీయలేదు. మాట మాటకూ ఆగి చదివాను. పొద్దున దుకాణాలు తెరిచేలోగా, సాయంత్రం దీపాలు పెట్టాక, గొర్రెల మందలు రోడ్డు దాటవచ్చు. శుభ్రం చేయాల్సిన బాధ్యత యజమానిదే. వేళ తప్పితే జరిమానా మాత్రం అలాగే ఉంది. మరిది రెండుసార్లు చదివించుకున్నాడు. మూడోసారి చదవమంటే నేను చదవలేదు.

ఇప్పుడు అతను ఒక చేత కట్టె, ఒక చేత పొడుగాటి పొరక పట్టుకుని వస్తాడు. మొదట్లో చాయ్ కొట్టు వాళ్లు ఏడిపించారు. అతను వాళ్ల కొట్టు ముందు కూడా కాస్త ఊడ్చి పెట్టాడు. అంతటితో వాళ్లు మానుకున్నారు. ఆ పెంటికలన్నీ గంపలో తెచ్చి మా మందిరం బంతిచెట్ల పాదుల్లో పోస్తాడు. నా ముగ్గు మాత్రం ఇప్పటికీ తొక్కిస్తూనే ఉన్నాడు. దానికి ఏ ముసాయిదా రాలేదు.

మంద ఖాళీ జాగాలో పడుకుని నెమరువేస్తుంటే, అతను మందిరం మెట్ల మీద కూర్చుంటాడు. ఇన్నేళ్లలో ఒక్క అధ్యాయం వినని మనిషి. మొన్న కొండనెత్తిన ఘట్టం చదువుతున్నాను. వాన కురుస్తోంది, పల్లె పల్లెంతా కొండ కిందికి చేరుతోంది. నడుమలో మెట్ల మీది నుంచి గొంతు లేచింది.

"వదినె, ఆగు. గా కొండ కింద ఆవులేనా? గొర్లు లేవా?"

ఆడవాళ్లంతా ఉలిక్కిపడి "ష్ ష్" అన్నారు. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాపు ఉంటే ఏమనేవాడో. నేను చదువుతున్న చోట వేలు పెట్టి ఆగాను. పైకీ కిందికీ చూశాను. ఆ అధ్యాయంలో నాకు గొర్రెలు కనబడలేదు.

"అడగనీయుండ్రి" అంది అవ్వ, తాళాలు ఒళ్లో పెట్టుకుంటూ. "రాసినాయన ముంగట గూడ మనసొంటోళ్లే కూసున్నట్టున్నరు. గొర్ల సంగతడగకుంట హారతి దాక ఆగిన్రు."